మేటర్‌ని జేపెగ్‌లో పెట్టకండి: తెలుగు షాపులకి వెబ్‌సైట్లు చేయడం గురించి

(విజయవాడలో చిన్న వ్యాపారులు, డిజైన్ నేర్చుకుంటున్న పిల్లలు కలిసి కూర్చున్న మీటింగ్‌లో మాట్లాడింది ఇది. రాలేకపోయినవాళ్ళు అడిగారని రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు తీసేశాం, మిగతాదంతా మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారమండి. వెనకాల నిలబడినవాళ్ళు రండి, ముందు వరసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, ఏం పర్లేదు, నేనేం ప్రశ్నలు అడగను. బయట బోర్డు మీద టాపిక్ "వెబ్ డిజైన్, ఆన్‌లైన్ బ్రాండింగ్" అని రాశారు, అది చాలా పెద్దది, గంటలో తెమిలేది కాదు. నేను ఒక్క విషయం పట్టుకుని మాట్లాడతా. మాది చిన్న స్టూడియో, మా దగ్గరకి వచ్చేది ఎక్కువ మీలాంటివాళ్ళే, పచ్చళ్ళు, స్వీట్లు, చీరలు, ఒకళ్ళిద్దరు డాక్టర్లు, ట్యూషన్ సెంటర్లు. వీళ్ళందరి సైట్లలో మా టైమ్ ఎక్కువ ఎక్కడ పోతుందంటే రంగుల దగ్గర కాదు, యానిమేషన్ల దగ్గర కాదు, తెలుగు అక్షరాల దగ్గర. నిజంగా. మీ షాపు గురించి తెలుగులో రాసిన నాలుగు ముక్కలు ఫోన్‌లో సరిగ్గా కనపడాలి, వెతికేవాళ్ళకి దొరకాలి, కొనేవాళ్ళు చదివి నమ్మాలి, ఇంతే. ఈ ఇంతే అన్నదాని వెనకాల ఎంత పనుందో అది చెప్తా ఇవాళ.

ముందు మీరు మా దగ్గరకి ఏం పట్టుకొస్తారో చెప్తా, నవ్వుకోండి పర్లేదు. లోగో ఉందాండి అంటే ఉందండీ అని వాట్సాప్‌లో పంపిస్తారు. ఏం పంపిస్తారు? షాపు ముందున్న ఫ్లెక్స్‌ని ఫోన్‌తో తీసిన ఫోటో. దాని మీద కరెంటు తీగ నీడ కూడా పడి ఉంటుంది. అసలు ఫైల్ కావాలండీ అంటే అదే ఫోటో మళ్ళీ పంపిస్తారు, ఈసారి ఇంకా మసగ్గా, ఎందుకంటే వాట్సాప్ పంపిన ప్రతిసారీ ఫోటోని నొక్కి చిన్నది చేస్తుంది. మీకు తెలియని సంగతి ఏంటంటే ఆ అసలు ఫైల్ ఉంది. ఎక్కడుంది? మీ ఫ్లెక్స్ షాపు అబ్బాయి కంప్యూటర్‌లో, కోరల్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ ఫైల్‌గా ఉంది. వెళ్ళి అడగండి, అక్షరాలు కర్వ్స్‌లోకి, అంటే ఫాంట్ లేకపోయినా చెదరని గీతల్లోకి, మార్చి ఇవ్వమనండి, వాట్సాప్‌లో ఫోటోగా కాదు, డాక్యుమెంట్‌గా పంపమనండి. ఆ ఒక్క ఫైల్ ఉంటే దాన్ని ఎంత పెద్దది చేసినా పగలదు, ఫోన్ మూల చిన్న ఐకాన్ నుంచి హైవే మీద హోర్డింగ్ దాకా ఒకటే ఫైల్ సరిపోతుంది.

కొంతమందికి అసలు ఫైలే ఉండదు, ఎందుకంటే బోర్డు పెయింటర్ చేత్తో రాసింది. నాన్నగారి కాలం బోర్డు. ఇలాంటివాళ్ళు వచ్చి ఏమంటారంటే, అది పాతదైపోయిందండీ, మోడ్రన్‌గా ఏదైనా చేయండి అంటారు. నేను వెంటనే వద్దంటా. ఎందుకు? ఆ బోర్డు మీద అక్షరాలు ఊరందరికీ గుర్తు, ఆ "శ్రీ"కి ఆ తోక, ఆ "స్వీ" కింద ఆ ఒత్తు, వంద గజాల నుంచి చదవకుండానే గుర్తుపడతారు. దాన్నేగా మనం బ్రాండ్ అంటుంది? 2010లో అమెరికాలో గ్యాప్ అని పెద్ద బట్టల కంపెనీ, అందరికీ అలవాటైన నీలం డబ్బా లోగో తీసేసి కొత్తది పెట్టింది, జనం తిట్టిన తిట్లకి వారం తిరక్కుండానే పాతదే మళ్ళీ పెట్టుకుంది. అంత కంపెనీకే అలా అయితే మనమెంత. కాబట్టి మేం ఏం చేస్తామంటే, ఆ బోర్డుకి ఎదురుగా నిలబడి, వంకర లేకుండా ఫోటో తీసి, దాని మీద ఒక్కో అక్షరం గీత గీతగా మళ్ళీ గీస్తాం. పెయింటర్ చెయ్యి ఎక్కడ లావుగా ఒత్తిందో అక్కడ లావుగానే ఉంచుతాం, మరీ చిన్న సైజులో పూడుకుపోయే సందులు మాత్రం కొంచెం వెడల్పు చేస్తాం. వెనకాల పిల్లలు వింటున్నారా, ఈ పని చేయండి, మీరు కోర్సులో నేర్చుకునే దానికంటే ఎక్కువ తెలుగు అక్షరం ఇక్కడ తెలుస్తుంది.

సరే, లోగో అయింది. లోగో బొమ్మే, అది బొమ్మగా ఉండొచ్చు, గొడవ లేదు. అసలు గొడవ మేటర్‌తో, అంటే సైట్‌లో చదవడానికి పెట్టే రాతతో.

మేటర్ ఇవ్వండి అంటే మీరు ఇచ్చేది డీటీపీ సెంటర్‌లో పాంప్లెట్‌కి కొట్టించిన ఫైల్. దాన్ని కాపీ చేసి వెబ్‌సైట్‌లో పేస్ట్ చేస్తే ఏం వస్తుంది? పిచ్చి పిచ్చి గుర్తులు, ఇంగ్లీష్ అక్షరాలు, మధ్యలో డాలర్లు, చుక్కలు. ఎందుకు? అది అను ఫాంట్స్‌లో కొట్టింది. మన రెండు రాష్ట్రాల్లో ప్రింటింగ్ పని ఏళ్ళ తరబడి అను మీదే నడిచింది, పెళ్ళి కార్డు అయినా, కరపత్రం అయినా, పేజీలు కట్టే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ ఓపెన్ చేసి అనులో కొట్టడమే, ఇప్పటికీ చాలా చోట్ల అంతే. ఇందులో కిటుకు ఏంటంటే, కంప్యూటర్ దృష్టిలో అది తెలుగు కాదు. ఇంగ్లీష్ అక్షరాల, గుర్తుల స్థానాల్లో తెలుగు ఆకారాలు కూర్చోపెట్టారు. తలకట్టు ఒక చోట, కొమ్ము ఒక చోట, ఒత్తు ఇంకో చోట. ఆ ఫాంట్ ఉన్నంతసేపూ మనకి తెలుగులా కనపడుతుంది, ఫాంట్ తీసేస్తే దాని లోపలున్న అసలు గుర్తులు బయటపడతాయి. కాగితం మీదకి వెళ్ళేదానికి ఇది చాలు, కాగితం ఎప్పటికీ ఫాంట్ అడగదు కదా. వెబ్‌కి చాలదు.

తెలుగు వెబ్‌సైట్లు మొదలైనప్పుడు ఇదే గొడవ ఉండేది. ఈనాడు, వార్త లాంటి పేపర్ల సైట్లకి అప్పట్లో ఎవరి ఫాంట్ వాళ్ళదే, ఒక దానిలో కాపీ చేసిన వార్త ఇంకో చోట చదవలేం, ఏదీ వెతకలేం. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌లో పద్మ అని ఒక ఎక్స్‌టెన్షన్ ఉండేది, ఈ రకరకాల ఫాంట్లన్నిటినీ యూనికోడ్‌లోకి మార్చి చూపించేది, గుర్తున్నవాళ్ళు చేతులెత్తండి... ఇద్దరే. మీరు నా వయసువాళ్ళే అయ్యుంటారు. విచిత్రం ఏంటంటే యూనికోడ్‌లో తెలుగు 1991లో మొదటి వెర్షన్ నుంచే ఉంది. ప్రతి అక్షరానికి ప్రపంచం అంతా ఒప్పుకున్న ఒక నంబర్, ఏ ఫాంట్ వేసినా అక్షరం మారదు. మరి ఎందుకు ఇంత లేటు? నంబర్ ఇస్తే సరిపోదు, చూపించే కంప్యూటర్ కావాలి. విండోస్ ఎక్స్‌పీ 2001లో గౌతమి ఫాంట్‌తో వచ్చింది, అందులో కూడా కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్ళి సీడీ పెట్టి కాంప్లెక్స్ స్క్రిప్ట్ సపోర్ట్ ఎక్కించుకుంటేనే ఒత్తులు కుదురుగా కూర్చునేవి. దేశికాచారి గారు చేసిన పోతన, వేమన ఫాంట్లు ఎంతమందికి ఆధారమయ్యాయో. తర్వాత మొదటి ఆండ్రాయిడ్ ఫోన్లు వచ్చినప్పుడు మళ్ళీ కథ మొదటికే, తెలుగు ఉన్న చోటల్లా ఖాళీ డబ్బాలు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఆ రోజుల్లో డిజైనర్లకి ఒక అలవాటు అయింది. తెలుగు సరిగ్గా రావట్లేదు, క్లయింటు తిడుతున్నాడు, ఏం చేయాలి? తెలుగు మేటర్ అంతా ఫోటోషాప్‌లో కొట్టి, జేపెగ్ చేసి, బొమ్మగా సైట్‌లో పెట్టేయడం. అప్పట్లో వాళ్ళకి వేరే దారి లేదు, నేను తప్పు పట్టను. కానీ ఇప్పుడు ఏ ఫోన్‌లో తెలుగు రావట్లేదు చెప్పండి? అయినా ఇప్పటికీ కొత్తగా చేసే సైట్లలో మెనూ బొమ్మ, రేట్ల పట్టిక బొమ్మ, "మా గురించి" బొమ్మ.

బొమ్మగా పెడితే ఏం పోతుంది? ఒకటి, రేటు మారితే మీరు మార్చుకోలేరు, డిజైనర్‌కి ఫోన్ చేయాలి, అతను ఎత్తడు. గోంగూర పచ్చడి పాత రేటే ఆర్నెల్లు అలా ఉండిపోతుంది. ఇంకోటి, ఫోన్‌లో ఆ బొమ్మ అగ్గిపెట్టంత అయిపోతుంది, పెద్దవాళ్ళు రెండు వేళ్ళతో లాగి లాగి చదవాలి. కళ్ళు కనపడనివాళ్ళు ఫోన్ చేత చదివించుకుంటారు, ఆ ఫోన్‌కి అక్షరం కావాలి, బొమ్మ ఇస్తే అది మాట్లాడదు. ఇక వెతకడం. ఎవరో అడుగుతున్నారు... గూగుల్‌కి ఇప్పుడు బొమ్మల్లో అక్షరాలు చదవడం వచ్చు కదా అని. వచ్చండీ, లెన్స్ పెట్టి చూపిస్తే చదువుతుంది. కానీ "కాకరకాయ పచ్చడి చక్కెర లేకుండా" అని ఒకావిడ రాత్రి పదింటికి టైప్ చేస్తే, ఆ ముక్క అక్షరాలుగా ఉన్న పేజీ ముందు వస్తుందా, బొమ్మలో ఉన్న పేజీ ముందు వస్తుందా? మీరే చెప్పండి.

కాబట్టి అనులో ఉన్న మేటర్‌ని కన్వర్టర్‌లో వేసి యూనికోడ్‌లోకి మారుస్తాం, మార్చాక ఒక మనిషి కూర్చుని చదవాలి, తప్పదు, ఒత్తులు ఎక్కడో ఒక చోట ఎగిరిపోతాయి, రూపాయి గుర్తు ఇంకేదో అవుతుంది. పేజీకి ఇది తెలుగు అని లోపల కోడ్‌లో చెప్పాలి, lang అన్న చోట te అని, రెండక్షరాల పని, పిల్లలూ, దాన్ని మర్చిపోకండి, చదివి వినిపించే ఫోన్ దాన్ని చూసే తెలుగు గొంతు ఎంచుకుంటుంది.

ఇప్పుడు ఫాంట్లు. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతా, నాకిష్టమైన సబ్జెక్టు. ఒకప్పుడు తెలుగు ఫాంట్ అంటే వెతుక్కోవాలి, ఇప్పుడు గూగుల్ ఫాంట్స్‌లో ఊరికే దొరుకుతున్నాయి. మండలి, రామభద్ర, ఎన్టీఆర్, సూరన్న, పెద్దన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ, శ్రీకృష్ణదేవరాయ, ఇవన్నీ అమెరికాలో ఉన్న తెలుగు సంస్థ సిలికానాంధ్రవాళ్ళ పూనికతో వచ్చినవి. హింద్ గుంటూరు ఉంది, బాలూ తమ్ముడు ఉంది, పేర్లు చూసి నవ్వకండి, మంచి ఫాంట్లు. నోటో ఉంది. 2022లో అనెక్ అని, ఫాంట్లు తయారుచేసే ఎక్ టైప్‌వాళ్ళు తెచ్చారు, అందులో తెలుగు కూడా ఉంది, సన్నం లావు, ఇరుకు వెడల్పు అన్నీ ఒకే ఫైల్‌లో కావాల్సినంత జరుపుకోవచ్చు.

మరి ఇన్ని ఉన్నాయి కదా, ఏదో ఒకటి పెట్టేద్దాం అంటే కుదరదు. రామభద్ర చూశారా, లావుగా నిండుగా ఉంటుంది, షాపు పేరుకి, హెడ్డింగ్‌కి బ్రహ్మాండం, కానీ దానితో మూడు పేరాలు రాస్తే కళ్ళు నొప్పులు. చదివే మేటర్‌కి మండలి బాగుంటుంది. అయితే మండలిలో ఒకటే మందం ఉంది, బోల్డ్ లేదు. మీరు బోల్డ్ నొక్కితే బ్రౌజర్ ఏం చేస్తుందంటే, ఉన్న అక్షరాన్నే కొంచెం పక్కకి జరిపి ఇంకోసారి పూసినట్టు లావు చేస్తుంది. ఇంగ్లీష్‌లో ఏదోలా నెట్టుకొస్తుంది. తెలుగులో? "క్ష్మి" లోపలున్న సందు పూడుకుపోతుంది, ఒత్తు ముద్ద అవుతుంది. ఇటాలిక్ ఇంకా ఘోరం, మన గుండ్రటి అక్షరాన్ని పక్కకి వంచితే ఏం బాగుంటుంది చెప్పండి, తెలుగులో ముఖ్యమైన ముక్క చూపించాలంటే రంగు మార్చండి, సైజు పెంచండి, వంచకండి.

ఇంకో తమాషా. ఇంగ్లీష్ టెంప్లేట్, అంటే ముందే తయారుచేసి పెట్టిన సైట్ డిజైన్, కొంటారు, దానిలో తెలుగు పోస్తారు. ఇంగ్లీష్‌లో లైనుకి లైనుకి మధ్య అక్షరం సైజుకి ఒకటిన్నర రెట్లు ఇస్తే హాయిగా ఉంటుంది. తెలుగుకి పైన గుడి, కింద ఒత్తు, ఒత్తు కింద ఇంకో ఒత్తు, "రాష్ట్రం", "స్త్రీ" ఇలాంటివి. అదే గ్యాప్ ఉంచితే పై లైను ఒత్తులు వచ్చి కింది లైను గుడుల మీద పడతాయి. మేం 1.7, 1.8 దాకా తీసుకెళ్తాం. బటన్లు ఇంకా మోసం, బటన్ ఎత్తు ఇంగ్లీష్ లెక్కన కొలిచి ఉంటుంది, మనది వేస్తే కింద ఒత్తు కోసేస్తుంది. ఒత్తు కోసేస్తే అక్షరం మారిపోతుంది కదా! హెడ్డింగ్ స్టైలుగా ఉండాలని అక్షరాల మధ్య ఎడం పెంచుతారు ఇంగ్లీష్‌వాళ్ళు, చూసి మనమూ పెంచుతాం, తెలుగులో పదం విడిపోయి ముక్కలుగా కనపడుతుంది. పెంచకండి. మన మాటలు కూడా పొడుగు, "తెలుసుకోవాలనుకుంటున్నారా" అని హెడ్డింగ్ పెడితే చిన్న ఫోన్‌లో స్క్రీన్ దాటి పక్కకి పోతుంది, పేజీ మొత్తం పక్కకి ఊగుతుంది. చిన్న మాట ఎంచుకోవాలి. అది కూడా డిజైన్ పనే.

పిల్లలకి ఒక్క మాట, ఫోటోషాప్‌లో తెలుగు కొడితే ఒత్తులు పక్కన వచ్చి కూర్చుంటున్నాయని అందరూ అడుగుతుంటారు. టైప్ సెట్టింగ్స్‌లో వరల్డ్ రెడీ అన్న పేరుతో ఒక ఆప్షన్ ఉంటుంది, అది ఆన్ చేయండి, అయిపోయింది. దీనికోసం అనులోకి వెనక్కి పోనక్కర్లేదు. ఇక తెలుగు అక్షరాన్ని సరిగ్గా చూపించడం ఎంత కష్టమో తెలియాలంటే 2018 ఫిబ్రవరి గుర్తుచేసుకోండి, "జ్ఞా" అనే అక్షరం, దాని మధ్యలో కంటికి కనపడని ఒక కోడ్ పడితే, ఎవరైనా మెసేజ్‌లో పంపగానే ఐఫోన్‌లో యాప్‌లు టపటపా పడిపోయాయి. ప్రపంచం అంతా తెలుగు అక్షరం గురించి మాట్లాడింది ఆ వారం. యాపిల్ అర్జెంటుగా అప్‌డేట్ ఇవ్వాల్సి వచ్చింది. కాబట్టి చేసిన సైట్‌ని మీ మంచి ఫోన్‌లో చూసి సంతోషపడకండి, ఇంట్లో అమ్మ వాడే పాత ఫోన్‌లో చూడండి.

పేరు గురించి చెప్పాలి, బ్రాండింగ్ అన్నారుగా. చాలామంది వచ్చి డొమైన్‌గా, అంటే సైట్ అడ్రస్‌గా, సరుకు పేరు కావాలంటారు. పూతరేకులు, ఆ ఊరి పేరు, కలిపి డాట్ కామ్. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో జీఐ, ఇది ఫలానా ప్రాంతం సరుకని ఇచ్చే గుర్తింపు, వచ్చింది, అంటే ఆ పేరు ఆ ప్రాంతం తయారీదార్లందరిది. బందరు లడ్డూకి 2017లో వచ్చింది, అదీ అంతే. అది అందరి గౌరవం, నిజమే, రూల్స్ ప్రకారం రిజిస్టర్ అయినవాళ్ళు వాడుకోవచ్చు, డబ్బా మీద గర్వంగా వేసుకోండి. కానీ వీధిలో పది షాపుల మీద అదే పేరు ఉన్నప్పుడు కొన్నవాళ్ళు రెండోసారి మీ దగ్గరకే ఎలా రావాలి? మీ షాపు పేరు గుర్తుంటేనే వస్తారు. సరుకు పేరు చిన్నగా, షాపు పేరు పెద్దగా, మేం ఎప్పుడూ అలాగే వేస్తాం. ఆ షాపు పేరుని ట్రేడ్‌మార్క్ చేయించండి, ఒక మనిషికో చిన్న సంస్థకో అయితే ఆన్‌లైన్‌లో ఒక క్లాసుకి, అంటే ఒక రకం సరుకులకి, 4,500 ఫీజు, పదేళ్ళు ఉంటుంది. పచ్చళ్ళు 29వ క్లాసు, స్వీట్లు, కారప్పొళ్ళు 30. లోగోకి పెట్టే ఖర్చులో ఇదెంత.

డొమైన్ పేరు ఎంచుకునేటప్పుడు ఒక టెస్ట్ ఉంది. ఫోన్‌లో మీ పిన్నికి చెప్పండి, ఆవిడ అడక్కుండా టైప్ చేయగలిగితే అది మంచి పేరు. "పూత" అన్నదానికి ఇంగ్లీష్‌లో రెండు ఓ లా, ఒక యూ నా, టీ పక్కన హెచ్ ఉందా లేదా, ఇలా అయితే సగం మంది ఇంకో సైట్‌కి పోతారు. తెలుగు పేరుని ఇంగ్లీష్ అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్ళు రాస్తారు, కాబట్టి వీలైతే పొట్టి పేరు, ఒక్క రకంగానే రాయగలిగే పేరు. పేజీలో మాత్రం సరుకు పేరు తెలుగులోనూ రాయండి, ఇంగ్లీష్ అక్షరాల్లోనూ రాయండి, వెతికేవాళ్ళు రెండు రకాలుగానూ వెతుకుతారు.

స్పీడ్ గురించి రెండు ముక్కలు, ఇది అందరూ చెప్పేదే. గూగుల్ లెక్కలో పేజీలో పెద్ద ముక్క 2.5 సెకన్లలోపు కనపడాలి. పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ అని ఉచితంగా ఉంది, మీ సైట్ అడ్రస్ కొట్టండి, మార్కులు వేస్తుంది. పైన తిరిగే ఐదు ఫోటోల స్లైడర్ తీసేయండి, రెండో ఫోటో దాకా ఎవరూ ఆగరు. ఫోన్‌లో తీసిన ఫోటో ఐదారు ఎంబీలు అలాగే ఎక్కించకుండా, సైజు తక్కువ ఉండే వెబ్‌పీ అనే ఫోటో రకంలోకి మార్చండి. తెలుగు ఫాంట్ ఫైల్ ఇంగ్లీష్‌దానికి కొన్ని రెట్లు ఉంటుంది, గుణింతాలు, ఒత్తుల ఆకారాలన్నీ అందులో ఉండాలి కదా, కాబట్టి రెండు ఫాంట్లకి మించి వద్దు, అది వచ్చేలోపు ఫోన్‌లో ఉన్న ఫాంట్‌తో అక్షరాలు కనపడేలా పెట్టండి. ఖాళీ పేజీ చూపించకండి. పేజీ తెరవగానే సుప్రభాతం మోగే సైట్లు ఇంకా ఉన్నాయి, దయచేసి.

రాసే మాటల సంగతి. మీరు షాపులో ఎంత బాగా మాట్లాడతారండీ! కస్టమర్ వస్తే ఏం కావాలమ్మా, ఇది తినండి, ఇది నిన్న పెట్టింది, ఇది ఇంకో వారం ఊరాలి, ఇలా. అదే మనిషి వెబ్‌సైట్‌కి రాయమంటే "అత్యున్నత నాణ్యతా ప్రమాణాలతో వినియోగదారుల సంతృప్తే ధ్యేయంగా" అని రాస్తారు. ఎవరండీ ఈయన? ఒక పచ్చళ్ళ ఆవిడ సైట్‌లో మేం ఆవిడ నోటి మాటే పెట్టాం, "నూనె పైకి తేలి ఉంటుంది, పాడైపోయిందనుకోవద్దు, తడి గరిటె పెట్టొద్దు, కారం తక్కువ కావాలంటే ఆర్డర్‌లో రాయండి" అని. ఆవిడకి ఇదేం రాతండీ, చదువుకున్నవాళ్ళు నవ్వుతారు అని బెంగ. ఏం నవ్వలేదు, నూనె గురించి వచ్చే ఫోన్లు తగ్గాయి. అమెరికాలో ఉన్న మన పిల్లలు ఆర్డర్ పెట్టేటప్పుడు వెతికేది కూడా ఇలాంటి మాటే, గాజు సీసానా ప్లాస్టిక్కా, లీక్ అవుతుందా, ఎన్నాళ్ళు ఉంటుంది. మీరు రోజూ ఫోన్‌లో చెప్పే జవాబులే రాయండి.

నమ్మకం అంటే పెద్ద పెద్ద మాటలేం కాదు. రేటు రాయండి, "రేటు కోసం మెసేజ్ చేయండి" అనొద్దు, అది చూడగానే సగం మంది పోతారు, నేనైతే పోతాను. డోర్ నంబర్‌తో అడ్రస్ రాయండి. తినే వస్తువులైతే ఫుడ్ లైసెన్స్ నంబర్, అదే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబర్, 14 అంకెలు, కనపడేలా పెట్టండి. 2020లో ఈ-కామర్స్ రూల్స్ వచ్చాయి, కంప్లైంట్ ఎవరికి చెప్పాలో పేరు, నంబర్ సైట్‌లో ఉండాలి, కంప్లైంట్ వస్తే 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలోపు తేల్చాలి. ఆడిటర్ గారిని అడిగి మీకు ఏవి వర్తిస్తాయో చూసుకోండి.

ఇప్పుడు చెప్పేది మాత్రం అందరూ వినండి, ఫోన్ చూసుకుంటున్న బాబాయ్ గారూ, మీరు కూడా. మీ డొమైన్ ఎవరి పేరు మీద ఉంది? చాలామందికి తెలియదు. సైట్ చేసిన అబ్బాయి అంతా చూసుకుంటాడండీ అంటారు. మంచి అబ్బాయే, కానీ అతనికి బెంగళూరులో ఉద్యోగం వస్తుంది, నంబర్ మారుతుంది, అప్పుడు? స్థలం కొని రిజిస్ట్రేషన్ మేస్త్రీ పేరు మీద చేయిస్తామా ఎవరమైనా? మా దగ్గరకి వచ్చిన ఒకాయనకి సరిగ్గా ఇదే జరిగింది, పాత డిజైనర్ ఫోన్ ఎత్తడు, డొమైన్ గడువు అయిపోయింది. డాట్ కామ్‌కి గడువు దాటాక కొన్నాళ్ళు మామూలు రేటుకే రెన్యూ చేయనిస్తారు, ఎన్నాళ్ళన్నది అమ్మిన కంపెనీని బట్టి, ఆ తర్వాత 30 రోజులు రిడెంప్షన్ అని ఉంటుంది, అప్పుడు పెద్ద జరిమానా కట్టాలి, అది కూడా దాటితే ఐదు రోజుల్లో మార్కెట్‌లోకి వదిలేస్తారు, ఎవరైనా కొనుక్కోవచ్చు. ఇంతకీ రెన్యూ చేయాలన్నా ఆ అకౌంట్‌లోకి వెళ్ళగలగాలి కదా. బయట నుంచి చూస్తే ప్రైవసీ వల్ల పేరు దాచి చూపిస్తుంది, అది చూసి ఏం తెలియదు. అసలు పరీక్ష ఒకటే, డొమైన్ కొన్న కంపెనీ సైట్‌లో మీ ఈమెయిల్‌తో, మీ పాస్‌వర్డ్‌తో మీరు లాగిన్ అవ్వగలరా? అవ్వలేకపోతే ఇవాళే ఆ అబ్బాయికి ఫోన్ చేయండి, మంచిగా మాట్లాడి మార్పించుకోండి, గొడవ పడ్డాక అడిగితే ఎవరూ ఇవ్వరు. మా స్టూడియోలో మొదటి రోజు పని ఇదే, క్లయింటు ఈమెయిల్‌తో, క్లయింటు కార్డుతో డొమైన్ కొనిపించడం. అప్పటిదాకా డిజైన్ ఫైల్ ఓపెన్ చేయం.

ప్రశ్నలు అడగండి. ఆ... ఇన్‌స్టాగ్రామ్ చాలదా, సైట్ దేనికి అంటున్నారు. అమ్మా, మీకు ఇన్‌స్టాలో బాగా అమ్ముడవుతుంటే ఆపొద్దు, రీల్స్ చేయండి. కానీ అక్కడ పాత పోస్ట్ వెతికి పట్టుకోవడం కష్టం, పోయినేడాది పెట్టిన రేటు చూసి వచ్చి గొడవపడతారు. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్, ఇన్‌స్టా, వాట్సాప్ మూడూ కలిసి ఆరు గంటలు ఆగిపోయాయి, ఆ రాత్రి ఆర్డర్లు మొత్తం వాటి మీదే తీసుకునేవాళ్ళు ఏం చేశారు? ఒక్క పేజీ సైట్ చాలు మీకు, సరుకులు, రేట్లు, అడ్రస్, వాట్సాప్ బటన్. పెద్దది అక్కర్లేదు. మా దగ్గరే చేయించుకోమని కూడా అనట్లేదు.

వెనకాల నుంచి... ఏఐతో లోగో చేసుకోవచ్చా? ఐడియా కోసం చూసుకో బాబూ, తప్పు లేదు. తెలుగు అక్షరాలు వేయమని చూడు, ఒక్కోసారి తెలుగులా కనపడే ఏవో గీతలు వేస్తుంది, దీర్ఘం ఉండాల్సిన చోట కొమ్ము వస్తుంది, షాపు పేరే తప్పుగా ఉన్న లోగో దేనికి? పైగా ఎక్కువగా అది ఇచ్చేది జేపెగ్ లాంటి బొమ్మే, మళ్ళీ గీసుకోవాల్సిందే. ఇంకెవరి లోగోకి దగ్గరగా ఉందో అది చెప్పదు, ట్రేడ్‌మార్క్ సైట్‌లో నువ్వే వెతుక్కోవాలి.

చివరిది, చీరలావిడ అడిగారు. ఫోటోలో ఒక రంగు, ఇంటికి వెళ్తే ఒక రంగు అని వెనక్కి పంపుతున్నారట. అది అందరికీ ఉంది. షాపులో ట్యూబ్ లైట్ కింద తీయకండి, ఎర్రటి ఎండలో కూడా వద్దు, పొద్దున పూట కిటికీ పక్కన నీడలో తీయండి, ఫోన్‌లో ఫిల్టర్లు, బ్యూటీ అన్నీ ఆపేయండి. మొదటి ఫోటోలో చీర పక్కన ఒక తెల్ల కాగితం పెట్టి తీయండి, కాగితం తెల్లగా కనపడేదాకా సరిచేసి, అదే సెట్టింగ్ మిగతావాటికి వాడండి. అంచు దగ్గర నుంచి ఒకటి, పల్లూ ఒకటి, కట్టుకున్నది ఒకటి. సేవ్ చేసేటప్పుడు రంగుల సెట్టింగ్‌లో ఎస్‌ఆర్‌జీబీ అని ఎంచుకోండి, లేకపోతే ఒక ఫోన్‌లో ఒకలా, ఇంకో ఫోన్‌లో ఇంకోలా కనపడుతుంది. అయినా ఆకుపచ్చల్లో, వంగపండు రంగులో కొంచెం తేడా వస్తుంది, స్క్రీన్లన్నీ ఒకటి కావు. అందుకని రేటు కిందే రాసేయండి, రంగు అనుమానంగా ఉంటే పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా వీడియో కాల్‌లో చూపిస్తాం అని, ఆ నంబర్ కూడా అక్కడే, అక్షరాలుగా, నొక్కగానే కాల్ వెళ్ళేలా పెట్టండి.